నాన్న టెస్టరు, డాలీ మూతి

మా నాన్న నరసన్నపేట చుట్టుపక్కల ముప్పై ఏళ్ళు లైన్‌మన్‌గా చేశాడు. మొన్న వేసవిలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో మా ఇంటికి వచ్చినా టెస్టరు వదల్లేదు. రెండో రోజే వంటింట్లో ప్లగ్గులన్నిట్లో గుచ్చి చూశాడు.

అలాంటి మనిషికి ఈ ఊరి జూలో చూపించదగ్గవి డాల్ఫిన్లే. రోస్టాక్ యూనివర్సిటీ వాళ్ళు ఇక్కడే డాలీ, డోనా అనే రెండింటికి నీళ్ళలో కరెంటు పసిగట్టే పరీక్ష పెట్టారు. ఆ ఫలితాలు 2023లో వచ్చాయి. లాగూన్ గట్టున కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. డాల్ఫిన్ పిల్ల పుట్టినప్పుడు పైమూతి మీద రెండు వరుసల మీసాలుంటాయి, కొన్నాళ్ళకే రాలిపోతాయి, గుంటలు మిగులుతాయి. ఆ గుంటలే పసిగడతాయట.

"అంటే టెస్టరు మూతిలోనే ఉందన్నమాట" అన్నాడు.

నీళ్ళలో ఒక కమ్మీ మీద దవడ ఆనించి కదలకుండా ఉండాలి. మూతి పైన ఎలక్ట్రోడ్లు. కరెంటు తెలిస్తే ఐదు సెకన్లలో అక్కణ్ణుంచి వెళ్ళిపోవాలి, తెలియకపోతే అలాగే ఉండాలి.

"ప్రతిసారీ వెళ్ళిపోతే సరిరా, ఎలాగూ చేప పెడతారు."

పెట్టరు. మధ్యమధ్యలో కరెంటు లేకుండా కూడా చూస్తారు, అప్పుడు కదిలితే తప్పే. ఆయన ఇంకో మెలిక వేశాడు: చేపలు పెట్టేవాడి మొహం చూసి కనిపెడితేనో? ఈ దేశంలోనే నూరేళ్ళ కిందట బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తోందని జనం ఎగబడ్డారు. అది లెక్క చెయ్యలేదు, అడిగేవాడి తల కదలికని చదివిందని 1907లో ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు తేల్చాడు. నాన్నకి ఆ సంగతి తెలియదు, అనుమానం మాత్రం సరిగ్గా అదే. దానికి నాకు నచ్చిన జవాబు మ్యూన్‌స్టర్‌లో పాకో అనే గయానా డాల్ఫిన్ మీద చేసిన పరీక్షలో ఉంది. మూతి గుంటల మీద ప్లాస్టిక్ తొడుగు వేస్తే పాకోకి కరెంటు తెలియలేదు. తొడుగు కళ్ళకి అడ్డం కాదు కదా, మనుషుల్ని చూసి చెప్పేదైతే అప్పుడూ చెప్పేది.

న్యూరెంబర్గ్‌లో డోనా సెంటీమీటరుకు 2.4 మైక్రోవోల్టుల (మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షో వంతు) దాకా పట్టింది, డాలీ 5.5 దాకా. నాన్నకి ఇలా చెప్పాను: ఒకటిన్నర వోల్టు పెన్సిల్ సెల్‌కి తీగలు కట్టి రెండు కొసల్నీ ఆరు కిలోమీటర్ల ఎడంగా ఉంచావనుకో, ఆ వోల్టేజి దారి పొడవునా సమానంగా పంచుకుంటే సెంటీమీటరుకి వచ్చేది దాదాపు డోనా పట్టినంతే. "నరసన్నపేట నుంచి ఎక్కడిదాకా?" అని వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. సొరచేపలు ఇంతకి కొన్ని వందల రెట్లు తక్కువైనా పట్టేస్తాయి. డాల్ఫిన్‌ది దగ్గరి చూపు. చేపల ఒంట్లోంచి కూడా సన్నటి కరెంటు వస్తుంది కాబట్టి, ఇసకలో మూతి దూర్చి చేపని పట్టే ఆఖరి క్షణంలో పనికొస్తుంది.

భూమి అయస్కాంత క్షేత్రాన్నీ ఇలాగే పట్టగలవేమోనని ఆ పరిశోధకులు లెక్క కట్టారు. క్షేత్రం బలహీనంగా ఉండే చోట కూడా సెకనుకి పది మీటర్ల వేగంతో ఈదితే, ఆ కదలిక వల్లే సెంటీమీటరుకు 2.5 మైక్రోవోల్టులు పుడతాయి. లెక్క సరే. కానీ అది గంటకి ముప్పై ఆరు కిలోమీటర్లు, డాల్ఫిన్‌కి పరుగు పందెం. దారి తెలుసుకోడానికి ఎప్పుడూ పరిగెడుతుందంటే నాకు నమ్మకం కుదరదు. ఫ్రాన్స్‌లో 2014 నాటి పరీక్ష వేరే రకం: ఆరు డాల్ఫిన్ల కొలనులో ఒక పీపా దించారు. లోపల అయస్కాంతం ఉంటే, అయస్కాంత శక్తి తీసేసిన అలాంటి దిమ్మె ఉన్నప్పటికంటే త్వరగా దగ్గరికొచ్చాయి. ఎలా తెలిసిందో అందులో తేలలేదు.

ట్రామ్ ఎక్కాక నాన్న మళ్ళీ కదిపాడు. "అదంతా డీసీయేనా? ఏసీ పెట్టలేదా?"

పెట్టారు. సెకనుకి 1, 5, 25 సైకిళ్ళు. డీసీ అంత బాగా పట్టలేదు.

"యాభై పెట్టలేదూ?"

"లేదు నాన్నా."

"మన లైన్లో ఉండేది యాభై కదరా" అని కిటికీ వైపు తిరిగాడు.