“ఆల్మోస్ట్ అయిపోయింది అక్కా”

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, తొందరగా ఎదగాలంటే ఏం నేర్చుకోవాలి అక్కా అని. వాళ్ళు ఎదురుచూసేది ఒక కోర్సు పేరు. జావా తర్వాత ఏంటి, క్లౌడ్ సర్టిఫికేషన్ చేయాలా, ఏఐ వైపు వెళ్ళిపోవాలా... అవీ కావాలి, కాదనను. కానీ హైదరాబాద్‌లో ఏళ్ళ తరబడి సాఫ్ట్‌వేర్ టీముల్లో పనిచేసి, ఇప్పుడు ఒక టీమ్‌ను నడుపుతున్నదాన్నిగా నా జవాబు వేరే. పని ఎక్కడైనా ఇరుక్కుంటే, ఇరుక్కుందని ముందే చెప్పగలగాలి. ఈ గుణం చాలా తక్కువమందిలో ఉంటుంది. ఉన్నవాళ్ళు మాత్రం తోటివాళ్ళకంటే ఎంత ముందుకు వెళ్ళిపోతారో నేను కళ్ళారా చూస్తున్నాను.

రోజూ పొద్దున స్టాండప్ కాల్ ఉంటుంది కదా, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే చిన్న మీటింగ్. “నిన్న పేమెంట్ స్క్రీన్ మీద పనిచేశాను, ఈరోజు కూడా దాని మీదే, బ్లాకర్స్ (పనికి అడ్డంకులు) ఏమీ లేవు” అంటారు. సోమవారం అదే మాట, మంగళవారం అదే మాట, గురువారానికి “ఆల్మోస్ట్ అయిపోయింది అక్కా, టెస్టింగ్ ఒక్కటే మిగిలింది” అవుతుంది. శుక్రవారం పక్కన కూర్చుని తీరిగ్గా అడిగితే అప్పుడు బయటపడుతుంది, అవతలి టీమ్ ఇచ్చిన ఏపీఐలో (వాళ్ళ ప్రోగ్రామ్ నుంచి మన ప్రోగ్రామ్‌కు డేటా వచ్చే దారిలో) మనకు కావాల్సిన ఫీల్డే, అంటే ఆ సమాచారమే, రావడం లేదని, ఆ సంగతి మొదటిరోజే తెలుసని, ఎవరిని అడగాలో తెలియక ఏవేవో ప్రయత్నాలు చేస్తూ ఉన్నారని. ఇది బద్ధకం అని మాత్రం అనను. అందరూ వెళ్ళిపోయాక కూడా కూర్చుని, భోజనం మానేసి కుస్తీ పడ్డవాళ్ళే వీళ్ళంతా.

మరి ఎందుకు చెప్పరు? నాకు అర్థమైనంతలో ఇది ఆఫీసులో పుట్టిన భయం కాదు. మన పిల్లల్లో చాలామంది ఇంటర్ రెండేళ్ళు కాలేజీ హాస్టల్లో గడిపి వచ్చినవాళ్ళు. వారం వారం పరీక్ష, మార్కులు తగ్గితే సెక్షన్ మార్పు, ఇంటికి ఫోను. డౌట్ అడిగితే “ఇది కూడా రాదా” అన్న చూపు. అక్కడ తెలియదు అని చెప్పడమంటే నలుగురిలో తల దించుకోవడం. పదహారేళ్ళ వయసులో అలా నేర్చుకున్న మౌనం, జీతం రావడం మొదలైనంత మాత్రాన పోదు. కానీ చాలావరకు పరీక్ష హాల్లో నువ్వు ఆగిపోతే నష్టం నీ ఒక్కడికే. ఆఫీసులో నువ్వు ఆగితే నీ వెనక టెస్టింగ్ చేసేవాళ్ళు, వాళ్ళ వెనక రిలీజ్ చేసేవాళ్ళు, అటు క్లయింటు, అందరూ ఆగుతారు. ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పరు, ఇండక్షన్ ట్రైనింగ్‌లో కూడా.

అమెరికా క్లయింటుతో పనిచేసేవాళ్ళకి ఇంకో లెక్క ఉంది. కాలిఫోర్నియా మనకంటే ఎండాకాలంలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక. సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు ఒక ప్రశ్న రాసి పెడితే, మనం నిద్రపోయే టైమ్‌లో వాళ్ళు చూస్తారు, పొద్దున్నే జవాబు రెడీగా ఉంటుంది. “రేపు ఇంకోసారి ట్రై చేసి అడుగుదాంలే” అనుకుంటే ఒక రోజు మొత్తం పోయినట్టే. రెండు వారాల స్ప్రింట్‌లో, అంటే ఒక విడత పనిలో, పనిదినాలే పది, అందులో ఇలా ఎన్ని పోగొట్టుకోగలం?

చివరి రోజు చెబితే టీమ్‌ను నడిపే లీడ్స్ మేం కూడా ఏమీ చేయలేం, ఇది చాలామందికి తెలియదు. లీడ్ ఇద్దరు సీనియర్లను ఇచ్చేస్తే అయిపోతుంది కదా అనుకుంటారు. ఇప్పటికే లేటయిన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులోకి మనుషుల్ని కలిపితే అది ఇంకా లేటవుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. వచ్చిన మనిషికి కోడ్ అర్థం కావడానికి టైమ్ పడుతుంది, ఆ అర్థం చేయించాల్సింది ఎవరు? అప్పటికే పీకల్లోతు పనిలో ఉన్న నువ్వే. అదే మంగళవారం చెబితే నేను రిలీజ్ తేదీ జరపగలను, ఆ ఫీచర్‌ను పక్కన పెట్టగలను, అవతలి టీమ్ మేనేజర్‌కు ఫోన్ చేయగలను. చెడ్డ వార్త ముందుగా తెలిస్తే నా చేతిలో దారులుంటాయి.

తప్పు చాలా పెద్దదైతే ఏం చేయాలి అని అడిగేవాళ్ళకి నేను గిట్‌ల్యాబ్ సంగతి చెబుతాను, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే వెబ్‌సైట్ నడిపే కంపెనీ అది. 2017 జనవరి 31 రాత్రి వాళ్ళ డేటాబేస్ మీద లోడ్ పెరిగి, రెండో సర్వర్‌కు కాపీ అవడం ఆగిపోయింది. దాన్ని బాగుచేస్తున్న ఇంజనీర్, రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీదే డిలీట్ కమాండ్ కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలోనే గుర్తుపట్టి ఆపాడు కానీ, అప్పటికే దాదాపు 300 జీబీ డేటాలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్ తీద్దామంటే అవి కొంతకాలంగా సరిగా రావడమే లేదని అప్పుడు తెలిసింది. చివరికి కాపాడింది సుమారు ఆరు గంటల ముందు అదే ఇంజనీర్ వేరే పని కోసం తీసిపెట్టిన ఒక స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి ఉన్న డేటా కాపీ.

నాకు ఇందులో నచ్చింది ఆ తర్వాత జరిగింది. ఆ కంపెనీ ఏదీ దాచలేదు. ఏం జరిగింది, ఏం ప్రయత్నిస్తున్నాం అని అందరూ చదవగలిగే డాక్యుమెంట్‌లో ఎప్పటికప్పుడు రాసింది, రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది. ఆ డాక్యుమెంట్‌లోనే, ఈరోజుకి నేను ఇక ఇలాంటి కమాండ్లు కొట్టకపోవడం మంచిది, రికవరీ ఇంకో సహోద్యోగికి అప్పగిస్తున్నాను అని ఆ ఇంజనీర్ చెప్పిన మాట కూడా ఉంది. ఎంత ధైర్యం కావాలి ఆ మాట చెప్పడానికి! చేతులు వణుకుతున్న టెన్షన్‌లో, నేనే సరిచేస్తాను అని ఇంకో రెండు కమాండ్లు కొట్టి ఉంటే మిగిలిన ఆ స్నాప్‌షాట్ కూడా ఏమయ్యేదో. తర్వాత వాళ్ళు విడుదల చేసిన నివేదికలో కూడా ఆ మనిషిని నిందించడం కంటే, బ్యాకప్ ఫెయిలైనా ఎవరికీ తెలియని పరిస్థితి ఎందుకు వచ్చిందన్న దాని మీదే దృష్టి పెట్టారు. వెంటనే చెబితేనే అసలు కారణం దాకా వెళ్ళగలం.

అలాగని ఎర్రర్ కనిపించిన ప్రతిసారీ పక్క సీటుకు పరుగెత్తమని కాదు. ముందు కాసేపు నువ్వే పట్టుకుని చూడాలి, లాగ్స్ (ప్రోగ్రామ్ తను చేసిన పనిని రాసిపెట్టే రికార్డు) చదవాలి. నా టీమ్‌లో ఒక అమ్మాయి ఉంది, ఇరుక్కున్నప్పుడు తను పెట్టే మెసేజ్ నాకు ఎంత ఇష్టమో. “అక్కా, రీఫండ్ పని రేపటికి అవ్వదు. స్టేజింగ్‌లో (రిలీజ్‌కు ముందు పరీక్షించే సర్వర్‌లో) టైమౌట్ వస్తోంది, టైమ్‌కి జవాబు రావడం లేదు, లాగ్ కింద పెట్టాను. కనెక్షన్ సెట్టింగ్ మార్చి చూశాను, తేడా లేదు. డేటాబేస్ టీమ్ వాళ్ళు చూడాలనుకుంటున్నా, వాళ్ళలో ఎవరిని అడగను?” అంతే. ఏం జరిగింది, తను ఏం చేసింది, ఎప్పటికి అవ్వదు, నా నుంచి ఏం కావాలి, అన్నీ ఉన్నాయి. “హాయ్ అక్కా, ఒక చిన్న డౌట్” అని పెట్టి నేను పలికేదాకా ఆగిపోయేవాళ్ళకీ ఈ అమ్మాయికీ పనిలో తెలివి తేడా పెద్దగా లేదు. కానీ అప్రైజల్ టైమ్‌లో లీడ్స్ అందరం కూర్చున్నప్పుడు, వచ్చే రిలీజ్ ఎవరికి ఇద్దాం అంటే వచ్చేది ఈ అమ్మాయి పేరే. తనకి పని ఇస్తే మధ్యలో ఎవరూ వెంటపడి అడగక్కర్లేదు, ఏదైనా తేడా వస్తే తనే చెబుతుంది అన్న నమ్మకం అక్కడ ఉన్న అందరికీ ఉంది.

చెబితే అరిచే లీడ్స్ లేరా అంటే ఉన్నారు. నలుగురు ఉన్న కాల్‌లో జూనియర్‌ని కడిగేసి, తర్వాత నాతో ఎవరూ ఏమీ చెప్పరేంటి అని వాపోయేవాళ్ళని చూశాను, వాళ్ళ మీద నాకు కోపం కూడా ఉంది. అలాంటి చోట ఉంటే నోటితో కాకుండా రాసి చెప్పండి, ఎప్పుడు చెప్పారో అందులో ఉంటుంది. నిజం చెప్పిన ప్రతిసారీ దెబ్బే తగులుతుంటే ఆ టీమ్ మారిపోవడం గురించి ఆలోచించండి, మొహమాటపడకండి. కెరీర్ మొదట్లో ఎలాంటి లీడ్ కింద పనిచేశామన్నది, ఏ టెక్నాలజీ మీద పనిచేశామన్నదానికంటే ఎక్కువ ప్రభావం చూపిస్తుంది.

ఇంకోటి, ఇంగ్లీష్. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు క్లయింట్ కాల్‌లో సమస్య తెలిసి కూడా వాక్యం కుదరక మ్యూట్‌లో ఉండిపోతారు. కాల్ నడుస్తుండగానే నాకు చాట్‌లో రాయండి, తెలుగులో రాసినా ఫర్వాలేదు, నేను మాట్లాడతాను. మీ పేరు చెప్పి మరీ మాట్లాడతాను, ఈ సమస్య కనిపెట్టింది ఫలానా అని. కొన్నాళ్ళకు మీరే అన్‌మ్యూట్ చేస్తారు.