నీ పాలే పడలేదేమో అంది

మా బాబు 28 వారాలకే పుట్టాడు. బరువు 1,050 గ్రాములు. ఊపిరి గండం గడిచింది, ట్యూబులో పోసే పాలు కొంచెం కొంచెంగా పెంచుతున్నారు. ఇక పర్వాలేదనుకున్న పదహారో రోజు రాత్రి మొదలైంది అసలు కథ.

పాలు పోసేముందు సిస్టర్ సిరంజితో పొట్టలో మిగిలింది లాగి చూసింది. ఆకుపచ్చటి పసరు వచ్చింది. పాలు పక్కన పెట్టేసి టేపుతో పొట్ట కొలిచింది. పొద్దుటికంటే రెండు సెంటీమీటర్లు ఎక్కువ. చర్మం బిగుసుకుపోయి మెరుస్తోంది, డైపర్‌లో రక్తపు చార. ఆమె వెంటనే డాక్టరుకు ఫోన్ చేసింది. తెల్లారాక చూద్దామనుకుని ఉంటే? ఆ చేతులకు బతికున్నంతకాలం దండం పెడతాను.

ఎక్స్‌రేలో పేగు గోడలోకి చేరిన గాలి కనిపించింది. నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అన్నారు. నెలలు నిండని పేగు వాచి, ముదిరితే కుళ్లిపోతుందట. చిల్లు పడితే ఆపరేషన్ చేయాలని ముందే సంతకం తీసుకున్నారు. పాలు ఆపేశారు, యాంటీబయాటిక్స్ పెట్టారు, ఆరు గంటలకోసారి ఎక్స్‌రే.

రెండు గంటలప్పుడు వాడు ఊపిరి మరిచిపోయాడు. మానిటర్ మోగుతోంది, సిస్టర్ అరికాలు తడుతోంది. నా బొటనవేలంత పాదం. అది కదిలేదాకా నేనూ ఊపిరి తీసుకోలేదు.

బయటికొస్తే బెంచీ మీద మా బంధువొకామె. "నీ పాలే పడలేదేమోనమ్మా, డబ్బా పాలు పట్టించాల్సింది" అంది. అప్పుడే పిండిన పాల సీసా నా చేతిలోనే ఉంది. సింకులో పారబోయబోయాను. పొద్దున్న డాక్టరుగారు చెప్పారు: "తల్లి పాలు తాగే పిల్లలకే ఈ జబ్బు తక్కువ. డబ్బా పాలతోనే ముప్పు ఎక్కువ. పిండటం మాత్రం మానకండి." తల్లి పాలు తాగినా కొందరికి వస్తుందని, ఇందులో నా తప్పేమీ లేదని కూడా అన్నారు. ఆ మాట వినేదాకా నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ బంధువును ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

చిల్లు పడలేదు. దేవుడి దయే అనుకుంటాను. మానిన పేగు కొన్ని వారాల తర్వాత మచ్చకట్టి ఇరుకవ్వచ్చని చెప్పారు కాబట్టి, ఇంటికొచ్చాక కూడా పొట్ట కాస్త ఉబ్బితే చాలు, టెన్షన్. ఇప్పుడు వాడికి రెండేళ్లు. పరిగెడుతున్నాడు.

మీ బిడ్డ ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉంటే పొట్ట ఉబ్బినా, పసరు కక్కినా, విరేచనంలో రక్తం కనిపించినా, ఉన్నట్టుండి డీలాపడినా అప్పటికప్పుడే చెప్పండి, మొహమాటపడకండి. మీకు పాలు రాకపోతే మిల్క్ బ్యాంకు పాలు, అంటే వేరే తల్లులు దానమిచ్చిన పాలు, దొరుకుతాయేమో అడగండి. ఎవరేమన్నా పిండటం ఆపకండి. నేను మూడు గంటలకోసారి పిండి ఫ్రీజర్లో దాచాను, అవి ఎప్పుడు వాడతారో, అసలు వాడతారో లేదో తెలియకుండానే.

పాలు ఆపేసిన పదకొండో రోజున ఒక్క మిల్లీలీటరు పోశారు, నా పాలే. తర్వాతి ఫీడ్ ముందు సిస్టర్ మళ్లీ సిరంజి లాగింది. నేను కళ్లు మూసుకున్నాను.

"చూడమ్మా, ఖాళీ" అంది.