సుంకి ఘాటీలో మూగబోయిన హారన్

కారులో ఒడిశాలోని కోరాపుట్ వెళ్తూ, సాలూరు దాటి ఘాటీ ఎక్కుతుంటే మూడో మలుపులో హారన్ నొక్కితే పలకలేదు. పైనుంచి లోడు లారీ దిగుతోంది, పొగమంచు అద్దం ముందే నిలబడి ఉంది. పాత 43వ నంబరు నేషనల్ హైవే మీద తిరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు, అక్కడ హారన్ లేకపోతే ఒక కన్ను లేనట్టే. డిప్పర్ కొట్టుకుంటూ, ఇరవైలో పాక్కుంటూ సుంకి చేరేసరికి ప్రాణం లేచొచ్చింది.

సుంకిలో టీ కొట్టు పక్కన ఆపి మొదట చేసింది చెవి పెట్టడం. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, బానెట్ ఎత్తి, లోపలున్నవాళ్లని హారన్ నొక్కమనాలి. ఫ్యూజుల పెట్టెలోంచి టిక్ అని వినపడితే స్టీరింగ్ మీది బటన్, దాని కింద చుట్టలు చుట్టుకుని ఉండే క్లాక్ స్ప్రింగు (తిరిగే స్టీరింగ్‌లోకి కరెంటు అందించే పట్టీ), రిలే (బటన్ నుంచొచ్చే చిన్న కరెంటుతో హారన్ పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు) లోపలి కాయిల్ అన్నీ బాగున్నట్టే. తప్పు రిలే పాయింట్ల (కరెంటుని కలిపే ముక్కల) దగ్గరో, వాటి అవతలో ఉంది. టిక్ లేకపోతే యివతల. ఎయిర్‌బ్యాగ్ దీపం కూడా వెలుగుతుంటే క్లాక్ స్ప్రింగు తెగిందనే అనుమానించాలి. అలాంటప్పుడు రోడ్డు పక్కన స్టీరింగ్ విప్పొద్దు. బ్యాటరీ తీసేసి కాసేపు ఆగకుండా ఎయిర్‌బ్యాగ్ జోలికి వెళ్తే అది మొహం మీదే పేలొచ్చు.

మాకు టిక్ వచ్చింది. నీలం రంగు 15 ఆంపియర్ల ఫ్యూజు పీకి చూస్తే తీగ చెక్కుచెదరలేదు. టీ తాగుతున్న ఒకాయన "30ది వేసెయ్యండి, ఇంకెప్పుడూ పోదు" అని సలహా ఇచ్చాడు. పోనిదానికి మందు! పోయినా సరే, పెద్ద ఫ్యూజు వేస్తే ఈసారి కాలేది వైరే. కొత్తది వేయగానే మళ్లీ పోతోందంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, లేదా ఎలుక కొరికింది. అది వెతకాలి.

టిక్ వచ్చినంత మాత్రాన రిలే నిర్దోషి కాదు. కాయిల్ లాగుతున్నా లోపలి పాయింట్లు మాడిపోయి ఉండొచ్చు. అదే నంబరున్న ఫాగ్ లైటు రిలే తీసి హారన్ గూట్లో పెట్టాం. మార్పు లేదు. అలాంటి జోడీ దొరకనివాళ్లు రిలే పీకేసి, 30, 87 అని రాసి ఉండే రెండు గూళ్ల మధ్య చిన్న వైరు ముక్క తాకిస్తే చాలు. హారన్ మోగితే రిలే మార్చుకోవాలి, లేదంటే ముందుకి వెళ్లాలి.

ముందుకంటే దారిలో ఉన్న సెమిలిగుడా ఊరికి. మెయిన్ రోడ్డు మీద మొదటి షాపులో కుర్రాడు హారన్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) ఊడదీసి మల్టీమీటరు పెట్టాడు. 12.4 వోల్టులు. "కరెంటు వస్తోంది సార్, హారన్లే పోయాయి. జత మార్చాలి, 1,600" అన్నాడు. రెండు హారన్లూ ఒకే నిమిషంలో చచ్చిపోతాయా? అడిగితే నవ్వాడు. ఆ నవ్వుకే ఒళ్లు మండి బయటికొచ్చేశాం.

ఎదురు సందులో బరా, గుగుని తిన్నాం. మన గారెకి చుట్టమే బరా, కాకపోతే సాంబారు బదులు బఠానీ కూర. ప్లేటు నలభై రూపాయలు, కొండమీద రేటు. ఆ టిఫిన్ బండి దగ్గరే తెలుగు వినపడింది. ఈ జిల్లాలో అది వింత కాదు, 1936లో ఒడిశా వేరయ్యేదాకా కోరాపుట్ మద్రాసు వైపే ఉండేది కదా. ఆ మాట్లాడినాయనదే పక్కన ఆటో ఎలక్ట్రికల్ షాపు.

ఆయన మీటరు తియ్యలేదు. ఇండికేటరు బల్బుకి రెండు వైర్లు అతికించిన టెస్ట్ బల్బు తీశాడు, 12 వోల్టులు, 21 వాట్లు. హారన్ నొక్కిస్తూ కప్లర్ రెండు పిన్నులకీ వైర్లు పెడితే బల్బు నిప్పుకణికలా ఎర్రగా, నీరసంగా వెలిగింది. ఎర్తు (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్లే దారి) పిన్నుకున్న వైరు తీసి బ్యాటరీ మైనస్‌కి తాకించగానే భగ్గుమంది.

"సూశారా బాబూ, లైను బాగానే ఉంది. ఎర్తే లేదు. మీటరుకి ఆకలుండదు, వోల్టు కనబడితే సాలు దానికి. బల్బు తింటాది."

ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. మీటరు దాదాపు కరెంటే లాగదు కాబట్టి తుప్పు పట్టిన జాయింటులోంచి కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. ఒక్కో హారన్ నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న జాయింటులో నాలుగు ఓములు అడ్డుపడితే వోల్టుల్లో చాలావరకు అక్కడే హరించుకుపోతాయి, హారన్లకి మిగిలేది మూడో వంతైనా ఉండదు.

నల్ల వైరు పట్టుకుని వెళ్తే ఎడమ హెడ్‌లైటు వెనక బోల్టు దగ్గర తేలింది. రెండు నెలల కిందట ముందు సొట్ట తీయించినప్పుడు రంగు కొట్టి, ఆ రంగు మీదే లగ్గు (వైరు చివరుండే రింగు) బిగించేశారు. వానలకి కింద తుప్పు. పదో నంబరు స్పానరుతో విప్పి, లగ్గునీ బాడీనీ ఎమరీ పేపరుతో తెల్లగా మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాజలీన్ పూశాడు. వాజలీన్ బిగించాకే పుయ్యాలట. కొన్ని బళ్లలో ఎర్తుకి వేరే వైరుండదు, హారన్ బ్రాకెట్ బోల్టే ఎర్తు. వాటిలో ఆ బోల్టు కిందే రుద్దాలి.

లావు గొంతు పలికింది, సన్నది పలకలేదు. ఫ్యూజున్న వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా ఇస్తే ఒక్క 'టక్' అని ఊరుకుంది. అసలు ఉలుకే లేకపోతే కాయిల్ తెగినట్టు. టక్‌మంటే ప్రాణం ఉంది, లోపలి పాయింట్లో, అదిరి శబ్దం చేసే రేకో పట్టేసింది. విప్పి బోర్లిస్తే చెంచాడు నీళ్లు కారాయి. ఆ రంగు వేసిన మహానుభావులే గొట్టం నోరు పైకి పెట్టి బిగించారు! నోరు ఎప్పుడూ కిందికే ఉండాలి. స్క్రూడ్రైవరు పిడితో నాలుగు తట్లు తట్టి, వెనకున్న చిన్న స్క్రూ మొదటి చోటు సుద్దతో గుర్తు పెట్టుకుని, పావు చుట్టులో సగం తిప్పేసరికి గొంతు విప్పింది. ఎక్కువ తిప్పితే కరెంటు ఎక్కువ లాగి పాయింట్లు మాడతాయి. పరీక్షించేటప్పుడు కూడా రెండు సెకన్లకి మించి నొక్కకూడదు.

నూట యాభై తీసుకున్నాడు. కోరాపుట్ జగన్నాథుడు, దేవ్‌మాలి, జయపురం, ఆ మూడు రోజులూ మామూలుగానే గడిచిపోయాయి. తిరుగు ప్రయాణంలో సుంకి దిగుతుంటే పొద్దుటి చలికి సన్న గొంతు కాస్త బొంగురుపోయింది. స్క్రూ ఇంకో పిసరు తిప్పుదామనుకుంటూనే సాలూరు వచ్చేసింది.