సీఆర్‌పీ ఉన్న పొలం కొంటున్నారా? ముందు ఆ ఒప్పందం చదవండి

అమెరికాలో పొలం అమ్మకం ప్రకటనలో 'సీఆర్‌పీ ఆదాయం ఉంది' అని కనిపించగానే దాన్ని బ్యాంకు వడ్డీతో సమానంగా లెక్కేసుకోకండి. అది షరతులున్న కౌలు. 1985 ఫార్మ్ బిల్లుతో వచ్చిన కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్ (సీఆర్‌పీ) కింద, మట్టి కొట్టుకుపోయే నేలను సాగు నుంచి తప్పించి గడ్డో చెట్లో పెంచితే వ్యవసాయ శాఖ 10 నుంచి 15 ఏళ్లపాటు ఏటా డబ్బు కడుతుంది. రేటు కౌంటీకో తీరు. అక్కడి మెట్ట కౌలు ఎంతో, నేల రకం ఏమిటో చూసి కడతారు. మనిషికి ఏడాదికి 50,000 డాలర్లు దాటదు. అక్టోబరు 1 తర్వాత ఖాతాలో పడుతుంది.

పొలం చేతులు మారినప్పుడే తిరకాసు. రిజిస్ట్రేషన్ అయ్యాక కాగితాలు పట్టుకుని కౌంటీలోని ఎఫ్ఎస్ఏ (వ్యవసాయ శాఖ కింది ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ) ఆఫీసుకు వెళ్లి, 60 రోజుల్లోగా సీఆర్‌పీ-1 అనే ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టి పాత యజమాని స్థానంలో చేరాలి. నేల, చిత్తడి భూముల సంరక్షణ నియమాలు పాటిస్తామనే ఏడీ-1026, సాగు వివరాల సీసీసీ-902, ఆదాయం ధ్రువీకరించే సీసీసీ-941 ఫారాలు కూడా నింపాలి. చేరకపోతే ఆ మేరకు ఒప్పందం రద్దవుతుంది. చిత్రమేమిటంటే, ఆ దెబ్బ పడేది అమ్మినవాడి మీద: అప్పటిదాకా తీసుకున్నదంతా తిరిగి కట్టాలి. ఉదాహరణకు 80 ఎకరాలు, ఎకరానికి 150 డాలర్లు అనుకుందాం: ఏటా 12,000. అయిదేళ్లు తీసుకుని ఉంటే 60,000, దానిపై వడ్డీ, ఏడాది కౌలులో పాతిక శాతం జరిమానా మరో 3,000, గడ్డి వేయడానికి సర్కారు ఇచ్చిన సాయం అదనం. అందుకే తెలివైన అమ్మకందారు 'ఒప్పందం కొన్నవారే కొనసాగించాలి' అని అగ్రిమెంటులోనే రాయిస్తాడు. సంతకం పెట్టాక ఆ బాధ్యతలన్నీ మీ నెత్తినే. అమ్మిన ఏడాది కౌలు ఎవరికెంతో కూడా అక్కడే రాసుకోండి.

హెచ్1బీ మీద ఉన్నవారు ఇంకో మెట్టు ముందే ఆగాలి. పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేనివారికి ఈ డబ్బు రాదు. పొలం, పెట్టుబడి పెట్టడమే కాక స్వయంగా ఒళ్లు వంచి పని చేస్తేనే మినహాయింపు. కంప్యూటర్ ఉద్యోగంతో అది కుదిరే పని కాదు. పైగా సాగుభూమి కొన్న 90 రోజుల్లో, విదేశీయులు తమ భూమి వివరాలు తెలిపే ఎఫ్ఎస్ఏ-153 ఫారం దాఖలు చేయకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా వెళ్లొచ్చు.

ఇక పొలం సంగతి. గడ్డి నడుమెత్తు పెరిగి చిందరవందరగా కనిపిస్తుంది కదా అని మూవర్ ఎక్కించేస్తారు. చూడ్డానికి బాగుండాలని కోయడం ఎప్పుడూ నిషిద్ధమే. పక్షులు గూళ్లు కట్టే కాలంలో, అంటే కాన్సస్‌లో ఏప్రిల్ 15 నుంచి జులై 15 దాకా, అయోవాలో మే 15 నుంచి ఆగస్టు 1 దాకా, ఆఫీసు అనుమతి లేకుండా అసలు కదిలించకూడదు. అలాగని గాలికి వదిలేసినా ప్రమాదమే. మైదాన రాష్ట్రాల్లో రెడ్ సీడార్ మొక్కలు తమంతట తామే మొలుస్తాయి. మోకాలెత్తులో ఉండగా మొదలుకంటా కొడితే మళ్లీ చిగురు వేయవు. నాలుగేళ్లు ఆగితే రంపాలు, కూలి ఖర్చు. మస్క్ తిసిల్ లాంటి ముళ్ల కలుపును పూత రాకముందే, మొక్క మొక్కకీ మందు కొట్టి చంపాలి. పొలమంతా పిచికారీ చేస్తే డబ్బు ఖర్చుపెట్టి పెంచిన పూల మొక్కలూ పోతాయి.

ఒప్పందం ముగిశాక దున్నాలనుకుంటే, నేల 'తేలిగ్గా కోతకు గురయ్యేది' అని నమోదై ఉందేమో చూసుకోండి. ఉంటే ఎన్ఆర్‌సీఎస్ (వ్యవసాయ శాఖలో నేల సంరక్షణ చూసే విభాగం) ఒప్పుకున్న సంరక్షణ ప్రణాళిక చేతికి వచ్చేదాకా నాగలి షెడ్డులోనే ఉంచండి.