లీనియర్ పెట్టగానే ఎస్‌డబ్ల్యూఆర్ పెరుగుతోందా? నా అనుభవం

హామ్ రేడియోలో జనరల్ గ్రేడ్ లైసెన్స్ వచ్చాక 400 వాట్ల దాకా వాడుకోవచ్చు కదా అని ఒక ట్రాన్సిస్టర్ లీనియర్ (రేడియో పవర్ పెంచే యాంప్లిఫయర్) తీసుకున్నాను. యాంటెనా 40 మీటర్ల బ్యాండ్‌కి (7 మెగాహెర్ట్జ్) కట్టిన ఇన్వర్టెడ్ వీ, అంటే మధ్యలో ఎత్తుగా, రెండు చివరలా కిందకి వాలిన వైరు, మా ఇల్లు కాకినాడలో సముద్రానికి దగ్గర. 100 వాట్లలో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా వైపు నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే నంబర్, 1 అయితే ఏమీ రానట్టు) 1.5, ఏ ఇబ్బందీ లేదు. అదే లీనియర్ ఆన్ చేసి కీ నొక్కి పట్టుకుంటే 1.5 కాస్తా మెల్లగా 2, 2.5 అయ్యి, 3 దగ్గరకి వచ్చేసరికి ప్రొటెక్షన్ పడి టక్కున ఆగిపోయేది.

అది ఆగడమే మంచిది నిజానికి. 400 వాట్లంటే 50 ఓమ్స్ లైన్ (యాంటెనాకి వెళ్ళే కోయాక్స్ కేబుల్) మీద 200 వోల్ట్ల పీక్, ఎస్‌డబ్ల్యూఆర్ 3 అయితే నాలుగో వంతు పవర్ వెనక్కి వస్తుంది, లైన్ మీద ఒక్కోచోట ఆ 200 కాస్తా 300 అవుతుంది, ఆ దెబ్బ ఫైనల్ ట్రాన్సిస్టర్ మీద పడితే దాని ఖరీదు ఎంతో కొన్నవాళ్ళకే తెలుసు. పాత వాల్వ్ లీనియర్లలో ట్యూన్, లోడ్ నాబ్‌లు తిప్పి కొంత సర్దుకోవచ్చు, ఇందులో ఆ వెసులుబాటు లేదు.

తెలిసినవాళ్ళందరూ వైరు కాస్త కత్తిరించి చూడమన్నారు, లేదంటే మధ్యలో ట్యూనర్ పెట్టమన్నారు. నాకెందుకో రెండూ నచ్చలేదు. వైరు పొడవు తేడా అయితే తక్కువ పవర్‌లోనూ అదే రీడింగ్ రావాలి, సెకన్లు గడిచేకొద్దీ పెరగకూడదు. మెల్లగా పెరుగుతోందంటే ఎక్కడో ఏదో వేడెక్కుతోంది, ఒక్కసారిగా ఎగిరితే ఎక్కడో స్పార్క్ కొడుతోంది, ఈ తేడా గమనించడం చాలా ముఖ్యం అండి. ఇక ట్యూనర్ అంటారా, కింద రేడియో గదిలో పెడితే లీనియర్‌కి 50 ఓమ్స్ కనిపిస్తుంది అంతే, పైన కోయాక్స్‌లో జరిగేది జరుగుతూనే ఉంటుంది.

ముందు లీనియర్‌కి నేరుగా డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పెట్టే 50 ఓమ్స్ రెసిస్టర్) పెట్టాను. ఫుల్ పవర్, సూది కదల్లేదు. సరే లీనియర్ బానే ఉంది. తర్వాత యాంటెనా విప్పేసి, అదే డమ్మీ లోడ్‌నీ ఒక వాట్‌మీటర్‌నీ మేడ మీదకి మోయించి కోయాక్స్ చివర తగిలించాం. మా బావమరిది పైన ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు, నేను కింద కీ నొక్కాను.

"ఎంత చూపిస్తోంది రా?"

"250 బావా."

"సరిగ్గా చూడు, కింద 400 ఉంది!"

"250 ఏ బావా, దాటట్లేదు."

అంటే 2 డీబీ, 150 వాట్లు, కోయాక్స్ లోనే తినేస్తోంది! 30 మీటర్ల మంచి లావు కేబుల్‌కి 7 మెగాహెర్ట్జ్ దగ్గర అర డీబీ పోతే ఎక్కువ. పై కనెక్టర్ విప్పితే లోపలంతా చిలుము, జాకెట్ కోస్తే అల్లిక రాగి నల్లగా, తడిగా ఉంది, ఉప్పుగాలి, వానలు కలిసి చేసిన పని. డమ్మీ లోడ్ పెట్టినప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ మాత్రం పెరగలేదు, కాబట్టి ఆ పెరుగుడుకి కారణం ఇంకా పైన ఉండాలి. యాంటెనా మళ్ళీ కలిపి కొంచెంసేపు పవర్ ఇచ్చి, కింద అన్నీ ఆఫ్ చేసి ప్లగ్ కూడా పీకేశాకే బాలన్ (కోయాక్స్‌ని యాంటెనా వైర్లకి కలిపే చోట ఉండే ట్రాన్స్‌ఫార్మర్ లాంటిది) డబ్బా ముట్టుకున్నాం, చెయ్యి పెట్టలేనంత వేడి. (పవర్ ఉండగా యాంటెనా జోలికి దయచేసి ఎవరూ వెళ్ళకండి.)

కేబుల్ మార్చాను. బాలన్ బదులు 31 మిక్స్ అనే రకం ఫెర్రైట్ రింగు, 2.4 అంగుళాలది, దాని మీద టెఫ్లాన్ కోయాక్స్ 12 చుట్లు చుట్టి చోక్ (కోయాక్స్ బయటి అల్లిక మీద కరెంట్ పారకుండా ఆపేది) చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. అన్నీ కొత్తవి పెట్టాక 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 నుంచి దాదాపు 1.9కి పెరిగింది! బావమరిది మొహం చూడాలి. కానీ అదే నిజమైన రీడింగ్. పాత కేబుల్ వెళ్ళేటప్పుడు కొంత, రిఫ్లెక్ట్ అయ్యి వచ్చేటప్పుడు కొంత తినేసి మీటర్‌కి మంచి నంబర్ చూపించింది ఇన్నాళ్ళూ. అందుకే మీ కేబుల్ మీద అనుమానం ఉంటే చివర ఏమీ తగిలించకుండా ఓపెన్‌గా వదిలేసి ఎనలైజర్‌తో కొలవండి, మంచి కేబుల్ అయితే ఎస్‌డబ్ల్యూఆర్ పది పైనే ఉంటుంది, నా పాత కేబుల్ 4.4 చూపించింది.

వైరు సంగతి ఇక అప్పుడే చూశాను. డిప్ (ఎస్‌డబ్ల్యూఆర్ అన్నిటికన్నా తక్కువ ఉండే చోటు) 6.95 దగ్గర ఉంది, అంటే వైరు పొడుగు. కత్తిరించలేదు, రెండు చివరలా 20 సెంటీమీటర్ల చొప్పున వెనక్కి మడిచి కట్టాను, కావాలంటే మళ్ళీ విప్పుకోవచ్చు. 7.1లో 1.2 వచ్చింది, 7.0లోనూ 7.2లోనూ 1.6 దాటట్లేదు. కనెక్టర్ల మీద రబ్బర్ టేప్ సాగదీసి చుట్టి, కేబుల్ కిందకి ఒక వంపు వదిలాను, నీళ్ళు అక్కడే కారిపోతాయి. లీనియర్ ఫుల్ పవర్‌లో నిమిషం కీ నొక్కి ఉంచినా సూది కదలట్లేదు. తర్వాత 80 మీటర్ల బ్యాండ్ చూడాలి, మా మేడ మీద 40 మీటర్ల వైరుకి చోటు లేదు, కాయిల్స్ వేసి పొట్టి డైపోల్ కట్టి 400 వాట్లు ఇస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాయిల్ ఎంత వేడెక్కుతోందో చెప్పండి.