వదిలేసిన నౌకలో మొదట చూడాల్సింది గాలి

కడప, ఆదివారం.

పది దాటితే బయట అడుగు పెట్టే ఎండ కాదు. కరెంటు ఉన్నంతసేపు కిటికీలకు దుప్పట్లు కట్టి ‘ఈవెంట్ హొరైజన్’ అనే అంతరిక్ష భయానక సినిమా మళ్లీ చూశాం, మేనల్లుడూ నేనూ. ఈ సినిమాను వెలుతురులో చూడకూడదు. కథ జరిగే అంతరిక్ష నౌక లోపలంతా నలుపే. పారిస్‌లోని నోత్రదామ్ చర్చిని మనసులో పెట్టుకుని దాని ఆకారం గీశారు. స్తంభాలు, కమాన్లు, శిలువ ఆకారాలు అన్నీ నీడలోనే ఉంటాయి. గదిలో కాస్త వెలుగు పడినా అవేవీ కనపడవు.

1997 ఆగస్టు 15న విడుదలైంది. దర్శకుడు పాల్ డబ్ల్యూ. ఎస్. ఆండర్సన్. కథ 2047లో జరుగుతుంది. అంతకు ఏడేళ్ల ముందు ప్రాక్సిమా సెంటారీ నక్షత్రానికి బయల్దేరి తొలి ప్రయాణంలోనే మాయమైన నౌక, నెప్ట్యూన్ దగ్గర మళ్లీ కనిపిస్తుంది. దాన్ని తయారు చేసిన డాక్టర్ వియర్‌ను వెంటబెట్టుకుని కెప్టెన్ మిల్లర్ బృందం వెతుక్కుంటూ వెళ్తుంది. మొత్తం ఎనిమిది మంది. నెప్ట్యూన్ మనకు దాదాపు 450 కోట్ల కిలోమీటర్ల దూరం. అక్కడి నుంచి ఒక మాట భూమికి చేరాలంటేనే నాలుగు గంటలు పడుతుంది. సాయం అడిగి బతికే చోటు కాదు.

లోపలికి సూట్లు వేసుకునే పోతారు. గురుత్వం లేదు, వేడి లేదు. వస్తువులు తేలుతుంటాయి, గడ్డకట్టిన శవమొకటి తేలుతుంటుంది. గురుత్వం ఆన్ చేయగానే అది కిందపడి ముక్కలవుతుంది. అక్కడ మేనల్లుడు ఆపి అడిగాడు: “మామా, అంత చల్లగుంటే లోపల గాలి ఎట్లుంటాది?”

సరైన ప్రశ్న. ఆ దూరంలో సూర్యుడి వెలుగు మనకందే దాంట్లో తొమ్మిది వందల్లో ఒక వంతే. ఏ యంత్రమూ నడవకుండా ఒక నౌకను అక్కడ ఏళ్లపాటు వదిలేస్తే లోపలి వేడి సున్నాకు దిగువన 200 డిగ్రీలు దాటి పడిపోతుంది. ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర, నైట్రోజన్ మైనస్ 196 దగ్గర ద్రవమవుతాయి. అంటే గాలి గాలిగా మిగలదు, చాలా మటుకు గోడలకు పొరలా పట్టి ఉంటుంది. దాన్ని మళ్లీ పీల్చే గాలిగా మార్చాలంటే నౌక మొత్తాన్ని వేడెక్కించాలి. సినిమాలో ఈ నౌక ఏడేళ్లూ అక్కడే లేదు, ఎక్కడికి పోయొచ్చిందన్నదే కథ, కాబట్టి ఈ లెక్కతో దాన్ని తప్పుపట్టలేం. కానీ స్విచ్చి వేయగానే లైట్లు వెలిగి, కాసేపట్లో అందరూ హెల్మెట్లు తీసి తిరగడం మాత్రం జరిగే పని కాదు.

జరిగే పని ఎలా ఉంటుందో చెప్పడానికి నిజమైన ఉదాహరణే ఉంది. సోవియట్ అంతరిక్ష కేంద్రం సాల్యూట్-7తో 1985 ఫిబ్రవరిలో సంబంధాలు తెగిపోయాయి. లోపల మనుషులు లేరు. జూన్ 6న వ్యోమగాములు వ్లాదిమిర్ జానిబెకోవ్, విక్టర్ సావినిఖ్ సోయుజ్ టీ-13 నౌకలో బయల్దేరి, జూన్ 8న దాన్ని చేరుకున్నారు. అది సంకేతాలకు పలకదు, కాబట్టి జానిబెకోవ్ చేత్తో నడిపి తగిలించాడు. తలుపు తీసేముందు చేసిన పని గాలి పరీక్ష. మొదట ఒత్తిడి సమం చేశారు, లోపలి గాలిలో విషవాయువులున్నాయేమో చూశారు, మాస్కులతో దిగారు. గోడల మీద మంచు పేరుకుని ఉంది. ఉన్ని టోపీలు, మందపు కోట్లతో పని చేశారు.

ఫ్యాన్లు ఆగిపోవడంతో అసలు చిక్కు వచ్చింది. భూమ్మీద మనం వదిలిన ఊపిరి వెచ్చగా ఉంటుంది కాబట్టి పైకి లేచిపోతుంది. బరువులేని చోట వేడి గాలి లేవడం, చల్లటి గాలి దిగడం ఉండవు. వదిలిన కార్బన్ డయాక్సైడు ముఖం చుట్టూనే నిలిచి, మళ్లీ అదే లోపలికి పోతుంది. తలనొప్పి, నీరసం వస్తాయి. ఇప్పటి అంతరిక్ష కేంద్రంలోనూ నిద్రపోయే చోట గాలి ఆడేలా చూసుకోవడం అందుకే.

కరెంటు పోవడానికి కారణం బ్యాటరీ నిండిందో లేదో చెప్పే సెన్సర్ చెడిపోవడం. నిండిందనే తప్పుడు సంకేతంతో సౌర ఫలకాల నుంచి ఛార్జింగ్ ఆగిపోయింది. బాగున్న బ్యాటరీలను వేరుచేసి, తీగలు చేత్తో మెలేసి నేరుగా ఫలకాలకు కలిపారు. కేంద్రం మొత్తాన్ని సోయుజ్ ఇంజిన్లతో సూర్యుడి వైపు తిప్పారు. కరెంటు వచ్చాక ఇంకో బెడద: మంచు కరిగితే ఆ నీళ్లు తీగల మీదికి, పెట్టెల్లోకి చేరతాయి. వేడి నిదానంగా పెంచుకుంటూ, తడి తుడుచుకుంటూ పోవాలి. గుడ్డలు కూడా చాలలేదు. ఈ తడి సంగతి సినిమాల్లో చూపించరు. నాకు మాత్రం ఇదే భయం పుట్టిస్తుంది, దెయ్యం లేకుండానే.

‘ఈవెంట్ హొరైజన్’ మొదటి సగాన్ని నేనింతగా ఇష్టపడడానికి కారణమూ గాలే. మిల్లర్ బృందం వచ్చిన రక్షణ నౌకకు చిల్లి పడ్డాక అందరూ ఈ పాడు నౌకలోకే చేరాలి. పీల్చగలిగే గాలికి గంటల లెక్క మొదలవుతుంది. అప్పుడే ఒక్కొక్కరికీ తమ జీవితంలోని మనుషులు కనపడతారు, వినపడతారు. కార్బన్ డయాక్సైడు పెరిగితే భ్రమలు కలుగుతాయని బృందంలోని వైద్యుడు చెప్తాడు. ఈ మాట ఒట్టి మాట కాదు. ఒక మనిషి రోజుకు దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడు వదులుతాడు. ఎనిమిది మందికి ఎనిమిది కిలోలు. దాన్ని గాలిలోంచి పీల్చేయడానికి లిథియం హైడ్రాక్సైడు అనే రసాయనం వాడితే మనిషికి రోజుకు కిలోకు పైగానే కావాలి. మామూలు గాలిలో కార్బన్ డయాక్సైడు నూటికి 0.04 వంతు. 3 శాతానికి చేరితే రొప్పు, తలనొప్పి. 5 దాటితే తల తిరుగుడు, గందరగోళం. 10 శాతమైతే నిమిషాల్లో స్పృహ పోతుంది. మూసిన గదిలో ఆక్సిజన్ అయిపోయి చచ్చిపోతారని అందరూ అనుకుంటారు. దానికంటే ముందే కార్బన్ డయాక్సైడు పని పట్టేస్తుంది. 1970 ఏప్రిల్‌లో చంద్రుడి దారిలో పాడైన అపోలో 13 నౌకలోనూ ఆక్సిజన్ ఉంది, చాలనిది కార్బన్ డయాక్సైడును పట్టే ఫిల్టర్లే. చతురస్రపు ఫిల్టరు డబ్బాలను గుండ్రటి కన్నానికి అతికించడానికి ప్లాస్టిక్ సంచులు, అట్టలు, సూటు గొట్టాలు, టేపు వాడారు.

ఇదంతా మన పక్కకు తెలియని విద్యేం కాదు. పాత బావిలో పూడిక తీయాలంటే పెద్దవాళ్లు ముందు లాంతరు దించి చూస్తారు. ఆక్సిజన్ 16, 17 శాతానికి పడితే దీపం ఆరిపోతుంది, మనిషి కూలబడటానికి ఇంకొంచెం వ్యవధి ఉంటుంది. వేపకొమ్మలు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడిస్తే, బకెట్లతో నీళ్లు పోస్తే అడుగున పేరుకున్న గాలి కదులుతుంది. కార్బన్ డయాక్సైడు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, అందుకే అడుగు పట్టి కూర్చుంటుంది.

కానీ దీపాన్ని నమ్మకూడని బావి ఒకటుంది. గొట్టంతో నీళ్లు పీల్చే పంపు ఏడెనిమిది మీటర్లకు మించి లాగలేదు. నీటిమట్టం దిగేకొద్దీ డీజిల్ ఇంజినునే లోపలి గట్టు మీదికి దించేవాళ్లు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు దీపం ఆరదు, వాసనా ఉండదు. ఒకడు కూలితే రక్షించడానికి ఇంకొకడు దిగుతాడు, వాడూ పడిపోతాడు. సముద్రం మీద ఓడల్లోనూ ఇదే కథ. మూసి ఉంచిన ట్యాంకులో ఇనుము తుప్పు పడుతూ ఆక్సిజన్ మొత్తం తినేస్తుంది. ట్యాంకు ఖాళీగా, శుభ్రంగానే కనపడుతుంది, దిగినవాడు లేవడు. అందుకే 2015 జనవరి నుంచి ఇలాంటి చోట్లలో దిగే, రక్షించే డ్రిల్లు రెండు నెలలకోసారి చేయాలని, 2016 జూలై నుంచి గాలి కొలిచే మీటరు ఓడలో ఉండి తీరాలని అంతర్జాతీయ నియమం వచ్చింది. కొలిచేటప్పుడు పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా కొలవాలి. ఆక్సిజన్ 21 శాతం దగ్గర చూపకపోతే దిగకూడదు.

మేనల్లుడికి బాగా నచ్చింది గాలి తలుపు సీను, అంటే నౌకలోంచి శూన్యంలోకి పోయే రెండు తలుపుల గదిలోది. బృందంలోని జస్టిన్, తనలో తాను లేక, సూటు లేకుండా లోపల నిలబడి ఉంటాడు, బయటి తలుపు తెరుచుకోబోతుంది. మిల్లర్ అతనికి చెప్పే మాటలు కచ్చితమైనవి: ముడుచుకో, కళ్లు గట్టిగా మూసుకో, ఊపిరంతా వదిలేయ్. శూన్యంలో ఊపిరి బిగబట్టడమే ప్రాణాంతకం, లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులను చింపేస్తుంది. “వదిలేస్తే బతుకుతాడా?” అన్నాడు మేనల్లుడు. 1966లో హ్యూస్టన్‌లో జిమ్ లెబ్లాంక్ అనే సాంకేతిక నిపుణుడు శూన్య గదిలో సూటు పరీక్షిస్తుండగా గొట్టం ఊడింది. 14 సెకన్లపాటు స్పృహలో ఉన్నాడు. నాలుక మీద ఉమ్మి బుడగలు కట్టడమే అతనికి గుర్తున్న చివరి సంగతి. వెంటనే గాలి నింపితే లేచి కూర్చున్నాడు. శరీరం వాయడం నిజమే. సినిమాలో రక్తం అంతగా కారడం మాత్రం కల్పనే. జస్టిన్ బతకడం సాధ్యమే.

ఇక రెండో సగం. వియర్ కళ్లు పోగొట్టుకుని నౌక తరఫున మాట్లాడటం మొదలుపెట్టాక నాకు భయం తగ్గిపోయింది. అంతవరకూ కనపడుతున్నది నౌక పనా, పాడైన గాలి పనా అన్న అనుమానం ఉంటుంది. బృందంలో కొందరు రెండో కారణాన్నే పట్టుకుంటారు, మనమూ వాళ్లతోపాటే పట్టుకుంటాం. అది తేలిపోగానే మిగిలేది పరుగులు, మంటలు, అరుపులు. తొలి కూర్పు రెండు గంటల పైనే ఉండేదట. విడుదలైంది గంటా ముప్పావు కూడా లేదు. కోసేసిన ఫిల్ములో చాలా భాగం పాడైపోయింది. దాని గురించి మాట్లాడేవాళ్లంతా రక్తపు సీన్ల కోసం బాధపడతారు. దొరికితే నేను చూడాలనుకునేది ఫిల్టర్లు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టే సీను, అలాంటిది తీసి ఉంటే.