మోంటెవెర్డె: మబ్బు నుంచి నీళ్లు పిండుకునే అడవి

మోంటెవెర్డెలో వాన పడకపోయినా చెట్లు కారుతూనే ఉంటాయి. మేం వెళ్లింది మార్చిలో. అక్కడి లెక్కలో అది ఎండాకాలం. ఉరుము లేదు, చినుకు లేదు, అయినా కొమ్మల నుంచి నీళ్లు టపటపా రాలుతున్నాయి. కరీబియన్ సముద్రం మీదుగా వీచే ఈశాన్య వ్యాపార పవనాలు తడిని మోసుకొచ్చి తిలరాన్ పర్వతశ్రేణిని ఢీకొంటాయి. కొండ ఎక్కినకొద్దీ ఆ గాలి చల్లబడి మేఘమవుతుంది. మేఘం కొమ్మల మధ్యనుంచి సాగిపోయేటప్పుడు ఆకులూ నాచూ దాని తేమను పట్టుకుని బొట్టుబొట్టుగా నేలకు దించుతాయి. సుమారు 1,500 మీటర్ల ఎత్తున, మధ్య అమెరికా దేశమైన కోస్టారికా నడికొండల్లో ఉన్న ఈ అడవి బతుకంతా ఆ తేమ మీదే.

నేను, మావారు, పదేళ్ల మా అబ్బాయి, కాకినాడ నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అత్తయ్య కలిసి హ్యూస్టన్ నుంచి బయలుదేరాం. రాజధాని శాన్ హోసెలో విమానం దిగాక కారులో దాదాపు నాలుగు గంటల దారి. చివరి కొండదారి ఒకప్పుడు గుంతలకు పేరుమోసింది. రోడ్డు బాగుపడితే జనం పోటెత్తుతారని, తారు వేయవద్దన్న స్థానికులు కూడా ఉండేవారట. ఇప్పుడు తారు పడింది. జనమూ వస్తున్నారు. కొండమీద చిన్న ఊరు శాంటా ఎలెనా. బసలు, హోటళ్లు చాలావరకు అక్కడే.

మర్నాడు ఉదయం ఏడింటికే మోంటెవెర్డె క్లౌడ్ ఫారెస్ట్ రిజర్వ్ గుమ్మం దగ్గర ఉన్నాం. గైడ్ శాంటా ఎలెనా కుర్రాడు, భుజాన త్రిపాదితో సహా టెలిస్కోప్. అడవిలో అడుగుపెట్టిన మొదటి పావుగంటలో మాకు ఆకుపచ్చ రంగు తప్ప ఏమీ కనిపించలేదు. అతను ఒక కొమ్మ దగ్గర ఆగి, బియ్యపుగింజంత పువ్వును భూతద్దంలో చూపించాడు. ఆర్కిడ్. ఈ ప్రాంతంలో వందల జాతుల ఆర్కిడ్లున్నాయి, వాటిలో చాలా పువ్వులు మామూలు కంటికి ఆననంత చిన్నవి. ఆ తర్వాత చూపు మారిపోయింది. ఒక్కో చెట్టు మీద నాచు, దాని మీద ఫెర్న్, దాని పక్కన అనాస కుటుంబపు మొక్క బ్రొమీలియాడ్, బ్రొమీలియాడ్ ఆకుల గిన్నెలో నిలిచిన నీళ్లు, ఆ నీళ్లలో పురుగులు, కప్పలు. మట్టిని తాకకుండా కొమ్మల మీదే ఇన్ని మొక్కలు బతకగలగడానికి కారణం ఆ మేఘమే. వేళ్లు నేలలోకి దిగనవసరం లేదు, నీళ్లే నడిచి వాటి దగ్గరికి వస్తాయి.

ఒకచోట అత్తయ్య ఆగిపోయారు. ఎదురుగా లోపల బోలుగా ఉన్న పెద్ద చెట్టు. ఊడలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, మధ్యలో మనిషి నిలబడేంత చోటు. లోపలికి వెళ్లి తలెత్తితే అల్లికలోంచి ఆకాశం కనిపిస్తోంది.

"ఇది మన తాడిచెట్టు మీద మొలిచే మర్రి లాంటిదే కదమ్మా?" అన్నారు.

గైడ్‌కు అనువదించి చెప్పాను. అతని ముఖం వెలిగిపోయింది. అదే కుటుంబం. ఇక్కడి స్ట్రాంగ్లర్ ఫిగ్, మన మర్రి, రావి అన్నీ ఫైకస్ ప్రజాతివే. పక్షి రెట్టతో పడిన విత్తనం కొమ్మ మీద మొలుస్తుంది, వేళ్లు కిందికి దించుతుంది, ఆశ్రయమిచ్చిన చెట్టును ఏళ్ల తరబడి చుట్టేస్తుంది. లోపలి చెట్టు చచ్చి కుళ్లిపోయాక ఇలా గుల్ల మిగులుతుంది. గోదావరి జిల్లాల్లో గట్ల మీద తాటిచెట్టును కౌగిలించుకున్న మర్రిని చూస్తూ పెరిగినావిడకు వేరే వివరణ అవసరం కాలేదు. అక్కడి నుంచి గైడ్ ఏది చూపించినా ముందు ఆవిడకే చూపించాడు.

రిజర్వ్ లోపల ఎర్రరంగు వేలాడే వంతెన ఒకటుంది. దానికి పెట్టిన పేరు విల్‌ఫర్డ్ గిండన్‌ది. ఆయన కథ ఈ ఊరి కథే. అమెరికాలోని అలబామాలో ఫెయిర్‌హోప్ అనే ఊరిలోని క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు యుద్ధాన్ని పాపంగా భావించేవారు. నిర్బంధ సైనిక సేవకు నమోదు కానందుకు వారిలో గిండన్ సహా కొందరు యువకులు జైలు శిక్ష అనుభవించారు. 1948లో కోస్టారికా తన సైన్యాన్నే రద్దు చేసుకుంది. ఆ దేశాన్ని వెతుక్కుంటూ కొన్ని కుటుంబాలు వచ్చి, 1951లో ఈ కొండమీద భూమి కొని పాడి పెట్టుకున్నాయి, జున్ను తయారుచేశాయి. అడవిని నరికే పచ్చికబయళ్లు చేశారు. అయితే ఏటికి పుట్టిల్లయిన శిఖర భాగాన్ని మాత్రం మొదట్లోనే ఉమ్మడిగా విడిచిపెట్టారు, నీళ్ల కోసం. పక్షుల మీద పరిశోధనకు వచ్చిన జార్జ్ పావెల్ చొరవతో 1972లో రిజర్వ్ ఏర్పడింది. పావెల్‌తో కలిసి తిరిగి, చుట్టుపక్కల రైతుల భూములు కొనిపించి, కాపలా కాసినవాడు గిండన్. ఒకప్పుడు ఇదే ప్రాంతంలో ఆయన చైన్సాలు అమ్మేవాడు. చెట్టు కొట్టే యంత్రం అమ్మిన చేతులే తర్వాత దశాబ్దాలపాటు అడవికి బాటలు వేశాయంటే, ఆ వంతెన మీద నడుస్తూ నాకు ఆయన మీద గొప్ప గౌరవం కలిగింది. రిజర్వ్ ఇప్పుడు నాలుగు వేల హెక్టార్లు దాటింది.

దానిని ఆనుకుని ఇరవై రెండు వేల హెక్టార్లకు పైబడిన మరో అడవి ఉంది, 'పిల్లల శాశ్వత అడవి'. 1987లో స్వీడన్‌లో ఒక చిన్న బడి పిల్లలు, వానల అడవులు మాయమవుతున్నాయని విని, చందాలు పోగుచేసి కొంత భూమి కొనిపించారు. వాళ్లను చూసి అనేక దేశాల పిల్లలు చేతులు కలిపారు. ఇప్పుడది కోస్టారికాలో అతిపెద్ద ప్రైవేటు అభయారణ్యం. ఈ సంగతి విన్నప్పటి నుంచి మా అబ్బాయి తన డబ్బా డబ్బులతో ఎన్ని చెట్లు వస్తాయని అడుగుతూనే ఉన్నాడు.

కెట్సల్ పక్షి కోసమే చాలామంది ఇక్కడికి వస్తారు. మాకు రెండో రోజు కనిపించింది. ముందు గైడ్ దాని కూత విని చెయ్యెత్తి అందరినీ ఆపాడు. అడవి అవకాడో చెట్టు మీద మగపక్షి, పచ్చని వీపు, ఎర్రని పొట్ట, శరీరాన్ని మించి వేలాడే తోక ఈకలు. ఒక్కసారి ఎగిరి, కాయను తుంచుకుని, మళ్లీ అదే కొమ్మ మీద వాలింది. కాయను అమాంతం మింగి, గుజ్జు జీర్ణమయ్యాక గింజను మరోచోట ఉమ్మేస్తుంది. ఆ చెట్టుకు కొత్త మొలకలు అలా వస్తాయి. గైడ్ చెప్పిన ఇంకో విషయం నాకు మరీ ముఖ్యమనిపించింది. గూడు కాలం ముగియగానే కెట్సల్ ఈ ఎత్తు వదిలి కింది వాలుల్లో పండ్లు దొరికే చోటికి వెళ్లిపోతుంది. పావెల్ రేడియో పరికరాలు తగిలించి ఈ రాకపోకలను గమనించాడు. కొండకొన మాత్రమే కాపాడితే పక్షి బతకదు, కింది రైతుల పొలాల మధ్య మిగిలిన అడవి ముక్కలు కూడా కావాలి.

జిప్‌లైన్, అంటే తీగకు వేలాడుతూ జారిపోయే ఆట గురించి తక్కువే చెబుతాను. చెట్టుకొనల జీవాన్ని పరిశోధించేవారు తాళ్లతో పైకెక్కే పద్ధతులు ముందే వాడుకలో ఉన్నాయి. 1990ల నడుమ ఇక్కడే అది వినోదంగా మారి ప్రపంచమంతా పాకింది. కొన్ని తీగలు కిలోమీటరు దాటుతాయి. మావారు, అబ్బాయి కేకలు పెడుతూ మేఘంలోకి దూసుకుపోయారు, ఎంతో ఆనందించారు. ఆ వేగంలో ఒక్క పక్షీ ఒక్క పువ్వూ కనబడదు. అదే ఎత్తులో వేలాడే వంతెనల మీద నడిస్తే చెట్ల నడినెత్తులు కళ్లముందుంటాయి. ఒకదానికే డబ్బుంటే వంతెనలనే ఎంచుకోండి. అత్తయ్య కూడా కమ్మీ పట్టుకుని అన్ని వంతెనలూ దాటారు.

రాత్రి నడక మాత్రం వదులుకోకూడదు. టార్చిలైట్లతో చిన్న జట్టుగా వెళ్తాం. కొమ్మ చివర ముద్దగా నిద్రపోతున్న పిట్ట, బొరియ గుమ్మంలో కాళ్లు ఎర్రబారిన టరాంటులా సాలీడు, ఆకుల్లో కలిసిపోయి కదలకుండా చుట్టుకున్న పచ్చని పిట్ వైపర్ పాము. పగలంతా బంతిలా ముడుచుకునే రెండువేళ్ల స్లాత్ అనే చెట్టు జంతువు రాత్రిపూట మెల్లగా కొమ్మ మారుతోంది. పాము దగ్గర గైడ్ అందరినీ నాలుగడుగుల దూరంలోనే నిలిపాడు, లైటు సూటిగా వేయనివ్వలేదు.

ఆ రాత్రే బంగారు గోదురుకప్ప మాట వచ్చింది. మగకప్ప నిప్పులాంటి నారింజ రంగు. ప్రపంచం మొత్తం మీద ఈ శిఖరాల దగ్గర కొద్ది చదరపు కిలోమీటర్లలోనే ఉండేది. ఏటా తొలి వానల్లో కొన్ని రోజులు మాత్రం నీటిగుంటల్లో జతకట్టడానికి బయటికి వచ్చేది. 1987లో పదిహేను వందలకు పైగా లెక్కపెట్టారు. మరుసటి ఏడు వేళ్లమీద లెక్కించగలిగినన్నే. 1989లో ఒకే ఒక్క మగకప్ప. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. 2004లో అంతరించినట్టు ప్రకటించారు. కప్పలను చంపే శిలీంధ్రం, ఎల్‌నినో తెచ్చిన పొడి వాతావరణం, వేడెక్కుతున్న భూమి, ఇవి ఎంతెంత కారణమో శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటున్నారు. ఇక్కడే ఏళ్ల తరబడి పరిశోధన చేసిన అలన్ పౌండ్స్ బృందం 1999లో, మంచు పట్టని పొడి రోజులు పెరుగుతున్నాయని, మేఘం అడుగు పైకి జరుగుతున్నట్టుందని రాసింది. ఒకప్పుడు కింది అడవుల్లోనే ఉండే పెద్దముక్కు పక్షులు, కీల్-బిల్డ్ టూకన్‌లు ఇప్పుడు కెట్సల్‌ల పక్కనే గూళ్లు కడుతున్నాయి. గూళ్లలోని గుడ్లనూ పిల్లలనూ టూకన్‌లు తింటాయి. కొండ కొన దాటి పైకి వెళ్లడానికి కెట్సల్‌కు చోటు లేదు. ఇది నాకు నిద్రపట్టనివ్వలేదు.

వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. కెట్సల్ గూళ్లు ఫిబ్రవరి, జూన్ మధ్య. బెల్‌బర్డ్ అనే పక్షి గంట కొట్టినట్టు కూసేదీ దాదాపు ఆ నెలల్లోనే, ఆ కూత కొండ అవతలికి వినిపిస్తుంది. ప్రధాన రిజర్వ్‌లోకి పరిమిత సంఖ్యలోనే పంపుతారు, టికెట్ ముందే కొనుక్కోండి. రద్దీ వద్దనుకుంటే కాస్త పైన శాంటా ఎలెనా రిజర్వ్ ఉంది. 1992 నుంచి దాన్ని ఊళ్లోని ఉన్నత పాఠశాలే నడుపుతోంది, టికెట్ డబ్బు చదువులకు వెళ్తుంది. మా గైడ్ అదే బడిలో చదివాడు. శాకాహారులకు ఇబ్బంది లేదు: పొద్దున గాయో పింటో అనే అన్నం, నల్ల బీన్స్, మధ్యాహ్నం మాంసం లేకుండా కసాడో అనే అన్నం, బీన్స్ భోజనం, వేయించిన అరటి. గైడ్ రుసుము దగ్గర పొదుపు చేయకండి. గొడుగు గాలికి ఆగదు, రెయిన్‌కోటు తీసుకెళ్లండి, పెద్దవాళ్లుంటే పట్టున్న బూట్లు తప్పనిసరి.